సమాచారం ఇవ్వలేదని నేను వేసిన అప్పీలు

ఓడిపోవడం వకీలుకు కొత్త కాదు. ఎదుటి పక్షం బాగా వాదిస్తే ఓడిపోతాం, సాక్షి మాట మారిస్తే ఓడిపోతాం, ఒక్కోసారి జడ్జిగారికి ఆకలి వేసినా ఓడిపోతాం. కానీ తన అప్పీలు తానే వేసుకుని, తన వాదన తానే వినిపించుకుని, ఎదుటి పక్షం నోరు విప్పిన మరుక్షణమే ముద్దాయిలా తలవంచుకుని నిలబడ్డ వకీలును మీరు చూసి ఉండరు. చూడాలనుకుంటే బాన్సువాడ రండి. కోర్టు ఎదురు హోటల్లో చాయ్ తాగుతూ కనిపిస్తాను.

సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. నాకు బార్‌లో నాలుగైదేళ్ళ అనుభవం, నలభై ఏళ్ళ ఆత్మవిశ్వాసం. రుద్రూర్ వైపు నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చే వెంకటేశ్వర్లు గారి దగ్గర జూనియర్‌ని. ఆయనది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. ఇన్నేళ్ళయినా ఆయన మాటలో గోదావరి పోలేదు. ఆఫీసులో గోడ పొడవునా తీర్పుల సంపుటాలు ఉండేవి. చూడ్డానికి గంభీరంగానే ఉండేవి కానీ, చందా కట్టడం ఎప్పుడో మానేశారు. దాంతో మా ఆఫీసు వరకు హైకోర్టు ఒకానొక సంవత్సరం దగ్గర తీర్పులివ్వడం ఆపేసింది. ఆ తర్వాత దేశంలో న్యాయం ఏమైందో మాకు తెలిసేది కాదు.

అలాంటి సమయంలో సాయవ్వ కేసు వచ్చింది.

సాయవ్వది కోటగిరి దగ్గర ఒక ఊరు. పంటకాలువ చివర్లో చిన్న మడి. భర్త పోయాక ఒక్కతే సాగు చేసుకుంటోంది. పైనున్న రైతు తన పట్టా భూమిలోంచి కాలువ పోవడం ఏమిటని ఒకరోజు ట్రాక్టరుతో మట్టి పోయించి పూడ్చేశాడు. నిజాంసాగర్ నీళ్ళు పై మడులన్నీ తడిపి, ఆ మట్టికట్ట దగ్గరికొచ్చి ఆగిపోయేవి. ఇవతల సాయవ్వ నాటు ఎర్రబడుతోంది.

"నీళ్ళు కండ్లకు కనవడుతున్నయి బిడ్డా. మడిలకు వస్తలేవు," అంది ఆమె మొదటిరోజు.

"ఫికర్ చెయ్యకవ్వా. వారంల ఆర్డర్ తెస్త," అన్నాను. ఇలాంటి మాటలు ఇప్పుడు అననని మీరు గమనించాలి.

తాత్కాలిక ఉత్తర్వు కోసం పిటిషన్ వేశాను. విచారణ రోజు ఎదుటి పక్షం తరఫున నిజామాబాద్ నుంచి ఒక వకీలు వచ్చాడు. చేతిలో పుస్తకం లేదు, తెల్లటి కాగితాలు మాత్రం ఉన్నాయి. కంప్యూటర్లోంచి తీసిన హైకోర్టు తీర్పు. రాతపూర్వకమైన హక్కు చూపించకపోతే ఇలాంటి కాలువ మీద మధ్యంతర ఉత్తర్వు ఇవ్వకూడదని అందులో ఉంది. జడ్జిగారు చదివి, నా వైపు చూసి, "దీనికి విరుద్ధంగా మీ దగ్గర ఏదైనా ఉందా?" అని అడిగారు.

నా దగ్గర ఆవేశం ఉంది. దాన్ని ప్రింటు తీయడం కుదరదు.

పిటిషన్ కొట్టేశారు. నిజామాబాద్ జిల్లా కోర్టులో అప్పీలు వేశాం. అది వాయిదాల్లో పడింది. సాయవ్వ నాటు మాత్రం వాయిదాలకు ఆగలేదు, ఎండిపోయింది. ఆ వరిని ఆమె కోసి పశువులకు వేసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ కోపం ఎక్కడ చూపించాలో తెలియక తిరుగుతుంటే, నాతో లా చదివిన మిత్రుడొకడు ఫోన్లో చెప్పాడు. హైదరాబాదులో మేం చదివిన విశ్వవిద్యాలయం ఇప్పుడు లైబ్రరీలో కంప్యూటర్లు పెట్టించిందట. దేశంలోని తీర్పులన్నీ దొరికే డేటాబేసులకు ఏటా లక్షలు కడుతోందట.

"కంప్యూటర్ల మీద కవర్లు గూడ తియ్యలేదట," అన్నాడు వాడు.

"మరి మనం పోతే చూడనిస్తరా?"

"యాడ రానిస్తర్ర బై. బయటోళ్ళకు లేదట."

వాడి మాటల్లో ఎన్ని 'అట'లు ఉన్నాయో మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు. బాన్సువాడలో బస్సెక్కితే అదే రోజు ఆ లైబ్రరీ గడప ముందు నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడగవచ్చు. నాలుగు మాటల పని. కానీ అడిగితే యుద్ధం ఎలా అవుతుంది? ప్రజల డబ్బుతో తీర్పులు కొని, ప్రజలకే తలుపులేస్తారా అని నా రక్తం ఉడికింది. పైన మట్టికట్ట, కింద ఎండిన మడి. నా కంటికి ఆ విశ్వవిద్యాలయం కూడా ట్రాక్టరెక్కి కూర్చున్న పై రైతులాగే కనిపించింది.

సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాశాను. అడగవలసినవి చిన్న ప్రశ్నలే. న్యాయ డేటాబేసుల కోసం ఏటా ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏ షరతుల మీద కొన్నారు, ఎవరు వాడుతున్నారు, మామూలు పౌరుడు వాడుకోవచ్చా. ఈ నాలుగు ముక్కల చుట్టూ నేను ప్రజాస్వామ్యం, పారదర్శకత, ప్రజాధనం, చీకటి గదులు, వెలుగు కిరణాలు పేర్చుకుంటూ పోయాను. వెంకటేశ్వర్లు గారు చదివి కళ్ళద్దాలు తీసేశారు.

"ఇది అర్జీయా, ఎన్నికల ప్రసంగమా?"

"ప్రజల్లో చైతన్యం రావాలి కదా సార్."

"వాళ్ళ సంగతి సరే. చదివే గుమాస్తాకు నిద్ర రాకుండా చూడు ముందు."

కొంత తగ్గించి పోస్టు చేశాను. జవాబు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు. రోజూ కోర్టు నుంచి ఇంటికి రాగానే, "అమ్మా, నాకేమన్న ఉత్తరం వచ్చిందా?" అని అడిగేవాణ్ణి.

"ఏ ఉత్తరం రాలె కొడుకా," అనేది అమ్మ.

గడువు దాటింది. జవాబు లేదు. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంతోషమే కలిగింది. జవాబొస్తే కేసు అయిపోతుంది, రాకపోతే మొదలవుతుంది. విశ్వవిద్యాలయంలోనే ఉండే పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. దాన్లో 'కుట్ర' అనే మాట వాడాను. మళ్ళీ నిరీక్షణ. మళ్ళీ అమ్మ, "ఏ ఉత్తరం రాలె."

ఈలోగా బార్‌లో నాకు పేరొచ్చింది. ఎవరు కనబడ్డా, "ఏమన్నా, యూనివర్సిటీ దిగొచ్చిందా?" అనేవారు. జూనియర్ కాలేజీ వాళ్ళు పిలిచి సమాచార హక్కు మీద మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి, "మౌనం కూడా అవినీతే," అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం నాకే ఎంత నచ్చిందంటే, రెండో అప్పీలులో దాన్నే మొదటి వాక్యం చేసుకున్నాను. ఆ రెండో అప్పీలు హైదరాబాదులోని సమాచార కమిషన్‌కు. సమాచారం ఇవ్వకుండా దాచిన అధికారి మీద చట్టంలో ఉన్నంత పెద్ద జరిమానా వెయ్యాలని కూడా కోరాను. ఆ అధికారి ఎవరో, ఆడో మగో కూడా నాకు తెలియదు. అర్జీ మీద ఎప్పుడూ 'పౌర సమాచార అధికారి' అనే రాశాను. పేరులేని మనిషి మీద కోపం ఎంతైనా పెంచుకోవచ్చు.

కమిషన్ నోటీసు సాదా పోస్టులో వచ్చి, తలుపు సందులోంచి లోపల పడింది. దాన్ని పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. దారి పొడవునా పెదవులు కదుపుతూ వాదన అభ్యాసం చేస్తుంటే, పక్క సీటు పెద్దాయన నన్ను పిచ్చోడనుకున్నాడో, భక్తుడనుకున్నాడో, లేచి వెనక సీటుకు వెళ్ళిపోయాడు.

విచారణ గది చిన్నది. కమిషనర్ గారు బల్లకు ఆవల కూర్చున్నారు. ఇవతల ఒక కుర్చీలో నేను. రెండో కుర్చీలో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒకావిడ, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ భారతి మేడం. నేను జరిమానా కోరిన అధికారి ఆమేనని అప్పుడు తెలిసింది. దుర్మార్గుడికి మీసాలుంటాయని ఊహించుకున్నాను. కొంచెం తడబడ్డాను. కానీ ప్రసంగం తయారై ఉంది కదా, ఆగలేదు.

లేచి నిలబడి మొదలుపెట్టాను. కాలువ చివరి రైతు దగ్గర ఎత్తుకుని, ప్రజాధనం దగ్గరికి వచ్చి, లక్షలు పోసి కొన్న తీర్పులు ఎవరి కోసమని నిలదీసి, మౌనం కూడా అవినీతే అనే చోట చెయ్యి పైకెత్తి ఆగాను. చప్పట్లు రాలేదు. ఫ్యాను చప్పుడు వినిపించింది.

"మీరేమంటారమ్మా?" అన్నారు కమిషనర్ గారు.

"జవాబు ఇచ్చినం సార్," అంది భారతి మేడం. సంచిలోంచి రెండు రిజిస్టరు కవర్లు తీసి బల్ల మీద పెట్టింది. "మొదటి అర్జీకి ఒకటి, గడువులనే పంపినం. అప్పీలుకు ఒకటి. రెండూ వాపస్ వచ్చినయ్."

కమిషనర్ గారు కవర్లు తిప్పి చూశారు. రెండింటి మీదా పోస్టాఫీసు వాళ్ళ రాత ఉంది. తీసుకొనుటకు నిరాకరించినారు.

"ఈ అడ్రసు మీదేనా?"

చూశాను. "నాదే సార్."

"మీరు వకీలే కదా?"

"అవును సార్."

"రిజిస్టరు కవరు వద్దని తిప్పి పంపిస్తే చట్టం ఏమంటుంది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు కంఠస్థం. నోటీసు తప్పించుకున్న వాళ్ళ మీద అదే పాయింటు వాదించి గెలిచిన కేసు కూడా ఉంది నాకు.

"అందినట్టే లెక్క సార్," అన్నాను.

"అంటే సమాచారం మీకు అందింది."

"అందింది సార్."

"అందిన సమాచారం అందలేదని నా దగ్గరికి వచ్చారు."

"వచ్చాను సార్."

"బాన్సువాడ నుంచి."

బయటికెళ్ళి ఒక్క ఫోను చేసుకుంటానని అనుమతి అడిగాను. నవ్వు ఆపుకోవడానికి ఆయనకూ కొంత వ్యవధి కావాలనుకుంటా, వెంటనే ఇచ్చారు. వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, మనింటికి రిజిస్టర్ కవర్లు వచ్చినయా?"

"వచ్చినయ్ కొడుకా."

"మల్ల ఏ ఉత్తరం రాలేదంటివి?"

"ఉత్తరం యాడొచ్చింది? అవి సంతకం పెట్టే కవర్లు. తీసుకోలె."

"ఎందుకు తీసుకోలె?"

"నువ్వే చెప్తివి గదరా. సంతకం పెట్టే కవరొస్తే ముట్టకు, ఇంట్ల ఎవలు లేరను, వద్దను అని."

అప్పుడు గుర్తొచ్చింది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మా చిన్నాయన కొడుకు భూమి పంపకాల మీద నోటీసు పంపిస్తానని బెదిరించాడు. సగం చట్టం తెలిసిన ఉత్సాహంలో నేను అమ్మకు ఆ పాఠం చెప్పాను. తర్వాత పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు, గొడవ చల్లబడింది, చిన్నాయన కొడుకు మా ఇంటికొచ్చి భోజనం కూడా చేసి వెళ్ళాడు. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మాత్రం నేను మరిచిపోయాను. అమ్మ మరిచిపోలేదు. ఏళ్ళ తరబడి మా గడప దగ్గర కాపలా ఉంది.

"రెండోపాలి పోస్టుమేన్ గట్టిగనే చెప్పిండు," అంటోంది అమ్మ, గొంతులో కొంచెం గర్వంగా. "యూనివర్సిటీ నుంచొచ్చింది, కొడుకుకు పనికొస్తది, తీసుకో అవ్వా అని. నేను వింటనా. నా కొడుకు వకీలు, ఆయనకెర్కలేదా అన్న."

"నాకొక మాట చెప్పొద్దా అమ్మా?"

"చెప్తే పరేషాన్ అయితవని చెప్పలె. ఇంతకు ఏమైంది, కేసు గెలిచినవా?"

గదిలోకి తిరిగొచ్చాను. కమిషనర్ గారి ముందే కవర్లు తెరిచాం. నేను ఏడాదిగా అడుగుతున్నది అంతా లోపల శుభ్రంగా టైపు కొట్టి ఉంది. ఏ డేటాబేసుకు ఏటా ఎంత కట్టారో ఉంది. ఒప్పందం నకలు ఉంది. వాడకం తక్కువగా ఉందని, విద్యార్థులకు శిక్షణ లేదని దాచుకోకుండా రాసి ఉంది. చివరి ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యం. లైబ్రరీకి స్వయంగా వచ్చి గుర్తింపు కార్డు చూపించిన ఏ పౌరుడైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఆ వాక్యం కింద వేసిన తేదీ చూశాను. దాన్ని రాసి పంపిన రోజుల్లో సాయవ్వ ఎండిన నాటు కోసి, మళ్ళీ దున్నించాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంది. ఆ వాక్యం మా వీధి దాకా వచ్చింది. మా అరుగెక్కింది. మా అమ్మ దాన్ని వెనక్కి పంపింది.

"అధికారి మీద జరిమానా కోరారు కదా," అన్నారు కమిషనర్ గారు. "ఏం చెయ్యమంటారు?"

"ఉపసంహరించుకుంటున్నాను సార్."

"మంచిది. అర్జీదారు మీద జరిమానా వెయ్యడానికి ఈ చట్టంలో సెక్షను లేదు. అది మీ అదృష్టం."

మెట్లు దిగుతుంటే భారతి మేడానికి క్షమాపణ చెప్పాను. ఆమె గేటు దాకా వచ్చాక ఆగింది.

"మీ అర్జీ వచ్చిన్నాడు నేనెంత సంబురపడ్డనో మీకు తెల్వదు," అంది. "ఆ కంపెనీతోని ఒప్పందం రాసుకునేటప్పుడు, బయటోళ్ళు గూడ వచ్చి చూసుకోవచ్చు అనే షరతు పెట్టాలని నేను కొట్లాడిన. ఎవలొస్తరు మేడం అన్నరు. వస్తరు అన్న. ఒక్కరు రాలె. అందరు నన్ను చూసి నవ్వెటోళ్ళు. గప్పుడు మీ అర్జీ వచ్చింది."

నేను తలవంచుకున్నాను.

"ధర చెప్పొద్దని కంపెనీ అన్నది. వ్యాపార రహస్యమట. పైనోళ్ళు గూడ ఎందుకొచ్చిన లొల్లి, ఆ ఒక్కటి ఆపు అన్నరు. కట్టింది ప్రజల పైసలు, రహస్యమెట్లయితది అని నోట్ రాసి నేనే సంతకం పెట్టి పంపిన. పది రోజులకు కవరు తిరిగొచ్చింది. మా ఆఫీసుల సూపరింటెండెంట్ దాన్ని తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఏమన్నడో తెలుసా? మీ ప్రజలు వద్దన్నరు మేడం అన్నడు."

ఆమె నవ్వుతూనే అంది. కానీ ఆ మాట నాకు కమిషనర్ గారి మాటలన్నిటికన్నా లోతుగా తగిలింది. ఏడాది పాటు నేను కత్తి దూసింది ఆ లైబ్రరీలో నా కోసం నిలబడ్డ ఒకే ఒక్క మనిషి మీద. ఆ జరిమానా పడి ఉంటే, కొలువంతా మచ్చ లేకుండా గడిచిన మనిషి చివరి రోజుల్లో సర్వీసు రికార్డులో ఎర్ర గీత పడేది. అదీ నేను వద్దన్న సమాచారం నాకు ఇవ్వనందుకు.

"మీ కాలువ రైతు కేసుకు తీర్పులు చూసుకోనీకి లైబ్రరీకి వస్తరా, ఇంటికి పోతరా?" అని అడిగింది.

వెళ్ళాను. కంప్యూటర్ల మీద కవర్లేమీ లేవు. 'నీళ్ళు' అనే మాటను ఇంగ్లీషులో కొట్టి వెతికాను. తెర మీద వచ్చిన వరద నిజాంసాగర్ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టుంది. అంతర్రాష్ట్ర నదీ జలాల నుంచి మునిసిపల్ కుళాయి దాకా అన్నీ వచ్చాయి, సాయవ్వ కాలువ తప్ప. భారతి మేడం నా పక్కన కూర్చుని, ముందు ఎదుటి వకీలు చూపించిన తీర్పునే వెతకమంది. దాన్ని తర్వాత ఏ ఏ కోర్టులు ప్రస్తావించాయో చూడమంది. చూశాను.

అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరైంది కాదని ఎప్పుడో పక్కన పెట్టేసింది. రాత లేకపోయినా చాలాకాలంగా నీళ్ళు పారుతున్న ఆనవాలు చూపిస్తే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చని స్పష్టంగా చెప్పింది. అంటే మా బాన్సువాడ కోర్టులో నన్ను పడగొట్టిన తీర్పు, ఆ రోజుకే చచ్చిపోయిన తీర్పు. అది చచ్చిపోయిందని తెలిసిన వాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. ఎదుటి వకీలుకు కూడా తెలియదనే ఇప్పటికీ నమ్ముతాను. లేకపోతే మనుషుల మీద నమ్మకం పోతుంది.

ప్రింటు తీసుకుని వచ్చాను. ఇంటికి చేరగానే అమ్మను కూర్చోబెట్టి, ఇకమీదట ఏ కవరొచ్చినా సంతకం పెట్టి తీసుకోమన్నాను.

"ఏదొచ్చినా?"

"ఏదొచ్చినా."

"నోటీసొచ్చినా?"

"నోటీసొచ్చినా తీసుకో."

"మరి అప్పుడెందుకు వద్దన్నవ్?"

"అప్పుడు నాకు చట్టం సగమే తెలుసమ్మా."

"మరిప్పుడు?" అంది. నిద్రొస్తోందని లేచి వెళ్ళిపోయాను.

నిజామాబాదులో మా అప్పీలు విచారణకు వచ్చినప్పుడు ఈసారి తెల్లకాగితాలు నా చేతిలో ఉన్నాయి. ప్రసంగం చెయ్యలేదు. కాగితం ఇచ్చి, గీత గీసిన చోట చదవమని మనవి చేసి కూర్చున్నాను. నా వకీలు జీవితంలో నేను గెలిచిన కేసుల్లో నేను అతి తక్కువ మాట్లాడింది అదే. ఆ రెండింటికీ సంబంధం ఉందని వెంకటేశ్వర్లు గారి అభిప్రాయం.

మరో సంగతి చెప్పాలి. ఆ ధరల వివరాలు నా నుంచి నలుగురికీ తెలిశాయి. వేరే కాలేజీ లైబ్రేరియన్ ఒకాయన చూసి, అదే సరుకుకు మేం ఎక్కువ కడుతున్నామే అని కంపెనీతో బేరానికి కూర్చున్నాడట. భారతి మేడమే ఫోన్ చేసి చెప్పింది. ఈ 'అట' మాత్రం నేను స్వయంగా ఆయన్ను అడిగి నిజమని తేల్చుకున్నదే.

కోర్టు ఉత్తర్వుతో మట్టికట్ట తీసేసిన రోజు సాయవ్వ పొలానికి వెళ్ళాను. కాలువలో నీళ్ళు మొదట బురదగా, చెత్తను తోసుకుంటూ వచ్చాయి. తర్వాత తేటబడ్డాయి. ఆమె గట్టు మీద కూర్చుని నీళ్ళనే చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. జరిగిందంతా ఆమెకు చెప్పాలనుకున్నాను.

"ఏ కాయిదంతోని గెలిచినం బిడ్డా?" అని ఆమే అడిగింది.

"పట్నంల పెద్ద బడి ఉన్నదవ్వా. ఆ లైబ్రరీల దొరికింది."

"ఎప్పటిసంది ఉన్నదాడ?"

"మన కేసు పడక ముందటి నుంచే ఉన్నది."

"అడిగితే ఇస్తరా?"

"ఇస్తరు. ఉత్తగనే ఇస్తరు."

ఆమె కాలువకు అడ్డంపడ్డ ఒక పుల్లను తీసి గట్టు మీద పెట్టింది.

"మరి గీ ఏడాదంత ఏం జేసినవ్?"

"కొట్లాడిన అవ్వా."

"ఎవలతోని?"

"ఇచ్చేటోళ్ళతోని."

సాయవ్వ నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి ఆమెకు ఒక పంటంత హక్కు ఉంది. ఆమె నవ్వింది. ముందు మెల్లగా, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చివరికి నేను కూడా నవ్వాను. కానీ నా నవ్వు ఆమె నవ్వంత తేలిగ్గా రాలేదు.

అందుచేత, పాఠక మహాశయులారా, బాన్సువాడ బార్ సభ్యుడినైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, నల్లకోటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ తలుపు మీదికైనా యుద్ధానికి వెళ్ళే ముందు, అది మూసి ఉందో లేదో ఒకసారి తోసి చూస్తాను. ఈ ప్రమాణాన్ని రిజిస్టరు పోస్టులో నాకు నేనే పంపించుకున్నాను. అమ్మ సంతకం పెట్టి తీసుకుంది. పోస్టుమేన్‌కు చాయ్ కూడా ఇచ్చిందట.